గంజి తీసిన స్టాంపులు

స్టాంపులు పోగేసేవాళ్లు ముందు వీపు చూస్తారు, ఆ తర్వాతే ముఖం. ఈ విద్య నాకు ఎల్‌బీ నగర్‌లో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు నేర్పారు. ఆయనది కోస్తా, ఉద్యోగం కోసం ఎప్పుడో ఇటు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. "ముఖం ఎవడైనా చూస్తాడండీ. మీరు తిప్పి చూడండి. వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటేనే అది స్టాంపు. లేకపోతే రంగు కాగితమే," అనేవారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌ని. తెలిసినవాళ్లు చీరను కూడా తిరగేసి చూసే కొంటారు. అందుకే ఆయన మాట నాకు సులువుగా తలకెక్కింది. ఎక్కకపోయుంటే ఎంత బాగుండేదో.

నేను పోగేసినవి కనిపించిన స్టాంపులన్నీ కావు. ఫ్రాన్స్‌వి, అందులోనూ పాతవి, అందులోనూ దానం స్టాంపులు. వాటి మీద రెండు అంకెలుంటాయి, మధ్యలో కూడిక గుర్తు. మొదటి అంకె ఉత్తరం ఖర్చు, రెండోది దానం. ఇష్టపడి ఆ స్టాంపు కొన్నవాళ్ల పైడబ్బు యుద్ధంలో తండ్రులు పోయిన పిల్లలకో, క్షయ రోగులకో, సముద్రం మీద బతికే నావికులకో వెళ్లేది. పని దొరకని మేధావుల కోసం కూడా కొన్ని వేశారు. మన దగ్గర ఆ పని మొదలుపెడితే అచ్చేయడానికి కాగితం చాలదు.

మొదటిది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. పాత పుస్తకాల పక్కన ఒక ముసలాయన చిన్న చిన్న కవర్లలో స్టాంపులు పెట్టుకుని కూర్చునేవాడు. భర్త సమాధి ముందు మోకాళ్ల మీద కూర్చున్న ఒకామె బొమ్మ. మొదటి ప్రపంచయుద్ధం నాటిది. నాకు ఫ్రెంచి ముక్క రాదు, యుద్ధాల గురించి బడిలో చదివింది తప్ప తెలియదు. అయినా అది చేతిలోకి తీసుకున్నాక మళ్లీ కింద పెట్టబుద్ధి కాలేదు. తర్వాత ఇరవై ఏళ్లు ఆదివారాలన్నీ దానికే పోయాయి. పిచ్చి ముదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట ఒకడు. నా పని అట్లాగే అయింది.

ఇంట్లో ఉండేది నేనూ, మా అక్కా. నేను పెళ్లి చేసుకోలేదు. అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. మాది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. అక్కకు పందొమ్మిదో ఏట పెళ్లయింది, ఏడాది తిరగకముందే బావ కామెర్లతో పోయాడు. పదకొండో రోజు కాగానే అత్తగారు అక్క పెట్టె తెచ్చి మా గడప ముందు పెట్టి, "గీ పిల్ల చెయ్యి పడ్డది ఏదీ దక్కది," అని వెళ్లిపోయింది. అప్పుడు ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. ఆ మాట అమ్మకు కూడా చెప్పలేదట. చాలా ఏళ్ల తర్వాత, అమ్మ పోయాక, ఒకసారి నాకు చెప్పింది. అప్పటికే ఆ అత్తగారూ పోయింది. మేమిద్దరం తప్ప ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ భూమ్మీద లేరు.

ఆ చేతుల గురించి చెప్పాలి. మా వైపు ఆడవాళ్లు ఆసు పోస్తారు. అర్ధచంద్రం ఆకారంలో మేకులు దిగ్గొట్టిన చెక్క చట్రం మీద నూలును ఒక్కో మేకుకూ తిప్పుతూ చేత్తో చుట్టాలి. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఆ చివరికీ ఈ చివరికీ ఆడాలి. అక్క పద్దెనిమిదేళ్లు ఆసు పోసింది. నా చదువు, నా బట్టలు, హైదరాబాద్‌లో నా మొదటి గది కిరాయి అన్నీ ఆ కుడిచెయ్యి నుంచే వచ్చాయి. నాకు దుకాణంలో పని కుదిరాక తనను కూడా తెచ్చుకున్నాను. మన్సూరాబాద్‌లో రెండు గదుల ఇంట్లో ఇరవై రెండేళ్లు ఉన్నాం. భుజం నొప్పి మాత్రం ఆమెతో పాటే వచ్చింది.

సమాధి ముందు కూర్చున్న ఆమె స్టాంపును ఒకసారి అక్కకు చూపించి, కూడిక గుర్తు సంగతి చెప్పాను. చాలాసేపు చూసింది.

"మరి ఆమెకు ముట్టినయారా పైసలు?" అంది.

"బొమ్మ అక్కా అది. బొమ్మకేం ముడ్తయి?" అని నవ్వాను.

"బొమ్మ ఊకెనే గీస్తరా? ఎవరినో ఒకామెను చూసే గీసి ఉంటరు," అంది తను.

నేను ఆమెకు బొమ్మలు చూపించాను, అంకెలు చెప్పాను, వెనక జిగురు సంగతి ఒక్కటీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. "ఇంట్ల అన్నీ నీయే అక్కా, గా ఆల్బం ఒక్కటి ముట్టకు," అన్నాను. ఇరవై ఏళ్లు ముట్టుకోలేదు. దుమ్ము తుడిచేటప్పుడు కూడా దాని చుట్టూ తుడిచేది.

మూడేళ్ల కిందట ఇంటి ఓనర్ ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టించుకుంటానన్నాడు. బడంగ్‌పేట్‌లో వేరే ఇల్లు చూసుకున్నాం. దీపావళి గిరాకీ అయిపోయాక మారదామనుకున్నాం. అప్పుడే లెక్చరర్ గారు నగరంలో జరిగే స్టాంపుల ప్రదర్శనలో నాకు ఒక ఫ్రేము ఇప్పించారు. అద్దం బిగించిన చట్రం, అందులో పదహారు పేజీలు. నా బతుకులో పది మంది నిలబడి చూసేది ఏదైనా ఉంటే అదే. చీరలు చూస్తారు, చీర విప్పేవాణ్ణి ఎవరు చూస్తారు? ఆ పేజీల్లో పెట్టడానికి, ఉత్తరం మీద ఎప్పుడూ అంటించని, జిగురు పోని స్టాంపులన్నీ ఆల్బంలోంచి తీసి విడివిడి కవర్లలో సర్దుకుంటున్నాను.

సామాను మార్చే ముందు రోజు పొద్దున నేను దుకాణానికి వెళ్లాను, మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టుకుని. మా దుకాణంలో కౌంటర్ మీదికి ఫోను తేనివ్వరు, పొద్దున్నే లాకర్లో పెట్టేయాలి. బయటికి వచ్చి చూసుకుంటే అక్క ఫోన్ చేసినట్టు రెండుసార్లు ఉంది. ఎట్లాగూ ఇంటికే వెళ్తున్నాను కదా అని తిరిగి చేయలేదు.

తలుపు తీసేసరికి నేల మీద అక్క పాత నేత చీర ఒకటి పరిచి ఉంది. దాని మీద నా స్టాంపులు. పెద్దవి ఒక వరుస, చిన్నవి ఒక వరుస, గోడ నుంచి గోడ దాకా. పక్కన స్టీలు గిన్నెలో నీళ్లు, మెత్తటి మల్లు గుడ్డ.

"ఒచ్చినవా తమ్మీ? జర కాలు చూసుకొని రా. ఆరవెట్టిన," అంది. మొహం వెలిగిపోతోంది.

"ఏందక్కా ఇది?"

"సర్దుతుంటె నీ పుస్తకంలకెంచి తెల్లపురుగు ఒకటి ఉరికింది. పరేషాన్ అయిన. నీకు రెండుసార్లు ఫోన్ కొట్టిన, ఎత్తలె. తీసి చూస్తె ఎనక అంత గంజి ఉన్నది. గంజితోని పెట్టెల పెడితె పురుగు తినదా? మన ఇంట్ల పుట్టి గంత కూడ ఎరుక లేకపోతె ఎట్లరా? ముందు ఒకదాని మూలకు తడి పెట్టి రంగు పోతదా అని చూసిన. పోలె. గోరెచ్చటి నీళ్లల్ల ఒక్కొక్కటి కడిగిన. ఒక్కటి కూడ చిరగలె, చూడు."

మగ్గం తెలిసిన ఏ ఇంట్లోనైనా ఇదే చేస్తారు. చీరను ఎక్కువ రోజులు దాచాలంటే గంజి తీసి దాచాలి. గంజి ఉంటే పురుగు పడుతుంది, మడత దగ్గర చిట్లుతుంది. నేను రోజూ దుకాణంలో కొనేవాళ్లకు చెప్పే మాటే అది. మా అక్క నా స్టాంపులను తన పట్టుచీరలంత జాగ్రత్తగా చూసుకుంది. ఈ వాక్యం ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజు నాకు ఇందులో ఒక్క ముక్క తోచలేదు.

ఒకటి తీసి తిప్పాను. తెల్లగా ఉంది. ఇంకోటి తిప్పాను.

"అన్ని కడిగినవా?"

"అన్ని. ఒక్కటి ఇడువలె."

"అక్కా, అది గంజి కాదు. అది ఉంటెనే వాటికి విలువ. నూరేండ్ల సంది అట్లనే ఉన్నది అది. నీళ్లల్ల కలిపినవ్."

ఆమె మొహంలో రంగు పోయింది. నా వైపు, స్టాంపుల వైపు చూసింది. తర్వాత, పాపం, చటుక్కున లేచింది.

"గట్లనా? అయితె మల్ల పెడ్త తియ్యి. ఇంత పల్చగ గంజి కాస్త, కుంచెతోని పూస్త. ఎప్పటి లెక్కనె అయితది. నువ్వు గాబరా పడకు," అంటూ పొయ్యి దగ్గరికి వెళ్లి గిన్నె అందుకుంది.

స్టాంపుల లోకంలో వెనక కొత్తగా జిగురు పూసేవాణ్ణి దొంగ అంటారు. ఆ సంగతి ఆమెకెట్లా తెలుస్తుంది? కానీ నాకు ఆ గిన్నె చూసేసరికి ఒళ్లు మండిపోయింది.

"నీ అత్త అన్నది నిజమే," అన్నాను. "నీ చెయ్యి పడ్డది ఏదీ దక్కది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కూడా కాదు. కోపంలో నోటికొచ్చింది అన్నానని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను, అబద్ధం. నోటికి చాలా వస్తాయి. నేను వెతికి తీశాను. ఏది అంటే లోపలిదాకా దిగుతుందో నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని తనే నమ్మి నా చేతికిచ్చింది.

అక్క ఏడవలేదు. గిన్నె పొయ్యి మీద పెట్టేసి, రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. "అవును తమ్మీ," అంది. అంతే. తర్వాత వెళ్లి మిగిలిన సామాను సర్దుకుంది. స్టాంపులు నేనే ఏరుకున్నాను.

కొత్త ఇంట్లో పాలు పొంగించాలి కదా. పక్క వాటా ఆమెను పిలిచి పొయ్యి వెలిగించమంది, పాలగిన్నె పెట్టమంది. తను గుమ్మం దగ్గర నిలబడింది. మన్సూరాబాద్ ఇంట్లో తనే పొంగించింది, ఎవరేమనుకుంటారోనని చూడకుండా. నేను గమనించాను గానీ అలిగిందనుకున్నాను. నాలుగు రోజులైతే అదే పోతుందిలే అనుకున్నాను.

వారం తర్వాత లెక్చరర్ గారు వచ్చారు. నేను చావు కబురు చెప్పినట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఒక్కోటి పట్టకారుతో ఎత్తి వెలుతురులో చూశారు.

"ఎవరు కడిగారండీ వీటిని?"

"మా అక్క."

"అంచున ఒక్క పన్ను కూడా పోలేదు. పాత మరకలు కూడా వదిలాయే! ఫ్రేములో వీపు ఎవడు చూస్తాడండీ, అద్దం వెనకుంటాయిగా. అమ్మకానికైతే కష్టం. మీరేమన్నా అమ్ముతారా?"

అమ్మే ఆలోచన నాకు ఏనాడూ లేదు. ఆయన టీ తాగి, అక్కను పిలిచి, "మీ చేతిలో పనితనం ఉందమ్మా," అని వెళ్లారు. అంటే నాకు పోయింది ఏమీ లేదు. ఆయన ముందే వచ్చి ఉంటే, లేదా నేను ఒక్క పూట నోరు మూసుకుని ఉంటే, ఇదంతా మేమిద్దరం నవ్వుకునే ముచ్చట అయ్యేది.

ఆయన వెళ్లగానే అక్క ముందు కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"తప్పయింది అక్కా. కోపంల అన్న."

"కోపంల అన్నవని నాకు ఎరుక లేదారా? నువ్వు నా మీద కోపం చేయక ఎవరి మీద చేస్తవ్?"

"మరి?"

"కోపంల అన్నవ్, గని అబద్ధం అనలె కదా." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అదే నన్ను చంపింది. "మీ బావకు చివరి దినం నీళ్లు నేనే తాగిపిచ్చిన. అమ్మకు మందులు నేనే ఏసిన. నీకు మూడు సంబంధాలు నా చేతుల మీదనే మాట్లాడి పెట్టిన, ఒక్కటన్న నిలవడ్డదా? నేనే ఇన్నేండ్లు మర్చిపోయి అన్నీ ముట్టుకుంట తిరిగిన. నువ్వు యాదికి తెచ్చినవ్."

అప్పుడు తెలిసింది నాకు, అది అలక కాదని. అలకైతే తీర్చొచ్చు. మా అక్క నా మాటను నమ్మింది. నలభై ఏళ్లు కష్టపడి పక్కకు నెట్టిన దాన్ని, తన తమ్ముడు చెప్పాడు కాబట్టి, నిజమేనని ఒప్పుకుంది.

అప్పటి నుంచి ఇంట్లో నాకు తగిలే వస్తువు ఏదీ ఆమె ముట్టుకోలేదు. వంట చేసేది, గిన్నెలు గట్టు మీద పెట్టేది, వడ్డించేది కాదు. నా చొక్కా గుండీ ఊడితే సూదీ దారం పక్కన పెట్టేది. ఆదివారం తలకు నూనె రాసేది కాదు. మా బంధువుల్లో ఒకరు పసిపిల్లను ఒళ్లో పెట్టబోతే, మోకాళ్లు నొస్తున్నాయని వెనక్కి జరిగింది. చేతులు పైట కింద దాచుకోవడం అలవాటైపోయింది.

ప్రదర్శనకు తీసుకెళ్లాను. బతిమాలితే వచ్చింది. నా పదహారు పేజీల ముందు ఎవరో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను కోరుకున్నదే అది. అక్క నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది. "దగ్గరికి రా అక్కా, అద్దం ఉన్నది," అన్నాను. "ఈడికెళ్లి కనవడ్తున్నయి. మంచిగున్నయి," అంది. ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. అది ఇంకా కవరులోనే ఉంది.

మరుసటి వానాకాలం నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఒళ్లు తెలియలేదు. నా నుదుటి మీద ఒక చెయ్యి పడింది, చల్లగా. కళ్లు తెరిస్తే పక్క వాటా ఆమె. అక్క గుమ్మంలో నిలబడి, "జర మంచిగ చూడమ్మా, కాల్తున్నదా తగ్గిందా?" అని అడుగుతోంది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే రాత్రంతా నా తల తన ఒళ్లోనే ఉండేది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

జ్వరం తగ్గాక ఒక రోజు పిచ్చి పట్టినట్టయి ఆల్బం తెచ్చి ఆమె ముందు పడేశాను. "ముట్టుకో. నేను చెప్తున్న, ముట్టుకో!" అని అరిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది. సమాధి ముందు కూర్చున్న ఆమె స్టాంపు తీసి, "నువ్వు ముట్టకపోతె ఇది చింపేస్త," అన్నాను. "ఒద్దురా, ఒద్దు!" అని కేక వేసింది. ఆపడానికి మాత్రం చెయ్యి చాపలేదు, రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది. నేను చింపలేదు. చింపలేకపోయాను. జాగ్రత్తగా దాని కవరులో పెట్టేశాను. నా మీద నాకు అంత అసహ్యం ముందెప్పుడూ కలగలేదు. లోకంలో దిక్కులేనివాళ్లందరి కోసం అచ్చేసిన దయను ఇరవై ఏళ్లు పోగేసినవాణ్ణి, నా ఇంట్లో ఉన్న ఒక్క దిక్కులేనిదానికి ఏం పెట్టాను?

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడైంది. వెళ్లేసరికి అక్క గోడకు ఆనుకుని జారిపోయి ఉంది. మూతి వంకర పోయింది. అంబులెన్సులో ఎల్‌బీ నగర్ వైపు ఒక దవాఖానకు తీసుకెళ్లాను. రక్తం గడ్డ మెదడులో అడ్డుపడిందని, ప్రాణానికి భయం లేదని, కుడి చెయ్యి మాత్రం తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమెకు బాగా తెలివి వచ్చింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. దుప్పటి మీద ఆ కుడిచెయ్యి పడి ఉంది, నన్ను చదివించిన చెయ్యి. మూడేళ్ల తర్వాత దాన్ని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. లాక్కోవడానికి అందులో సత్తువ లేదు. అంత సిగ్గులేనివాణ్ణి నేను, అదే అదనుగా పట్టుకుని నా నుదుటికి ఆనించుకుని ఏడ్చాను.

అక్క తల కొంచెం తిప్పి, నా చేతుల్లో ఉన్న తన చెయ్యి వైపు చాలాసేపు చూసింది. వేళ్లు కదపాలని చూసినట్టుంది, కదలలేదు. ఆమె మొహంలో దిగులేమో అనుకున్నాను. కాదు, మూడేళ్లుగా మొయ్యలేక మోస్తున్నదేదో దించుకున్నట్టు ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"ఏడవకు తమ్మీ. మంచిగనే అయింది. ఇగ గీ చెయ్యితోని ఎవ్వరికీ ఏం కాదు."